సాల్మన్ షోకెన్: బట్టల వ్యాపారి కట్టిన గ్రంథాలయం

మీరు అడిగినవి మూడు. సాల్మన్ షోకెన్ అనే జర్మన్ వస్త్ర వ్యాపారవేత్త అంత పెద్ద పుస్తక సేకరణ ఎలా చేయగలిగాడు, ఆ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడున్నాయి, ఇంట్లో పాత తెలుగు పత్రికలు కూడబెడుతున్న మీకు ఆయన పద్ధతిలో పనికొచ్చేది ఏమైనా ఉందా. మూడో ప్రశ్నకు జవాబు మొదటిదాంట్లోనే చాలావరకు దొరుకుతుంది. అందుకని ఆయన వ్యాపారం దగ్గర మొదలుపెడతాను.

ముందొక సవరణ. ఆయన్ని కొందరు పారిశ్రామికవేత్త అని రాస్తారు. అది చదివి నూలు మిల్లులు, మగ్గాల వరసలు ఊహించుకోకండి. ఆయన డబ్బు ప్రధానంగా అమ్మకంలోంచి వచ్చింది. 1877లో పోజెన్ ప్రాంతంలోని మార్గోనిన్ అనే చిన్న ఊళ్లో, యూదు కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు అప్పట్లో ప్రష్యా ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రిది చిన్న దుకాణం. సాల్మన్ విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు, చదువంతా సొంతంగా చదువుకున్నదే. 1901లో సాక్సనీలోని జ్వికావ్‌కు వచ్చాడు. అన్న సిమోన్ అప్పటికే అక్కడ ఒక డిపార్ట్‌మెంట్ స్టోరు నడుపుతున్నాడు. 1904లో ఓల్స్‌నిట్స్ అనే బొగ్గు గనుల ఊళ్లో సొంత కొట్టు తెరిచారు. తండ్రి పేరు మీద పెట్టిన "ఐ. షోకెన్ కుమారులు" సంస్థ జ్వికావ్ కేంద్రంగా పెరిగి, 1930 నాటికి ఇరవై దాకా దుకాణాలతో జర్మనీలోని పెద్ద సంస్థల్లో ఒకటైంది.

ఈ ఊళ్ల స్వభావం గమనించండి. సాక్సనీ అంటే నేత, అల్లిక పరిశ్రమలకు పుట్టిల్లు. కెమ్‌నిట్జ్ చుట్టూ మేజోళ్లు, లోదుస్తులు, నూలు గుడ్డ తయారుచేసే ఫ్యాక్టరీలే. కొనేవాళ్లలో ఎక్కువమంది గని కార్మికులు, మిల్లు కార్మికులు. వాళ్లకు కావాల్సింది నాలుగేళ్లు మన్నే చొక్కా, బేరం అక్కర్లేని ఒకే ధర. షోకెన్ దుకాణాలకు సరుకు ఎంపిక, కొనుగోలు జ్వికావ్ కేంద్రం నుంచే జరిగేది. ఏ రకం కావాలో ముందు తేల్చుకోవడం, దాన్ని బాగా ఎరిగిన మనిషిని పెట్టి కొనిపించడం, కొన్నది లెక్కలో ఎక్కించడం, సరైన చోటికి పంపడం. ఈ నాలుగు పనుల క్రమం గుర్తుపెట్టుకోండి. పుస్తకాల విషయంలోనూ ఆయన ఇదే క్రమం పాటించాడు.

భవనాల సంగతి కూడా చెప్పాలి. దుకాణాలు కట్టడానికి ఆయన పిలిచింది భవన శిల్పి ఎరిక్ మెండెల్‌జోన్‌ను. న్యూరెంబర్గ్ 1926, స్టుట్‌గార్ట్ 1928, కెమ్‌నిట్జ్ 1930. కెమ్‌నిట్జ్ భవనం ముఖం విల్లులా వంగి ఉంటుంది. అంతస్తుకొక అద్దాల పట్టీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తెగకుండా సాగుతుంది. స్టుట్‌గార్ట్ భవనాన్ని 1960లో కూలగొట్టారు. జర్మనీ యుద్ధానంతర నగర నిర్మాణంలో అది క్షమించరాని తప్పని నా అభిప్రాయం. సిమోన్ 1929లో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత మొత్తం బాధ్యత సాల్మన్ మీదే పడింది.

ఇక పుస్తకాలు. ఆయన సేకరణ ఒకటి కాదు, రెండు. ఒకటి జర్మన్ సాహిత్యం: గెటె కాలం నుంచి తొలి ముద్రణలు, కవుల చేతిరాతలు. రెండోది హీబ్రూ, యూదు గ్రంథాలు: తొలినాటి అచ్చు పుస్తకాలు, మధ్యయుగపు రాతప్రతులు, వాటిని చదవడానికి కావాల్సిన నిఘంటువులు, సూచికలు, పరిశోధన గ్రంథాలు. మొదటిది చదువుకున్న జర్మన్ సంపన్నులు చాలామంది చేసే పనే. రెండోది ఆయన్ని మిగతావాళ్ల నుంచి వేరు చేస్తుంది. కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

జర్మన్ల మధ్యయుగ కవిత్వం చాలావరకు 19వ శతాబ్దపు పండితుల చేతుల్లో పరిష్కరణలై అచ్చులో ఉంది. అదే కాలపు హీబ్రూ కవిత్వం మాత్రం ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లెనిన్‌గ్రాడ్, న్యూయార్క్ గ్రంథాలయాల్లో ముక్కలుగా పడి ఉంది. షోకెన్‌కు కనబడిన లోటు ఇదీ. దీన్ని పూరించాలంటే అరుదైన పుస్తకాలు కొని అద్దాల బీరువాలో పెడితే చాలదు. చాలా రాతప్రతులు అసలు అమ్మకానికే రావు. అందుకని 1930లో బెర్లిన్‌లో హీబ్రూ కవితా పరిశోధన సంస్థ పెట్టి, దానికి హైన్‌రిష్ బ్రోడి అనే పండితుణ్ణి పెద్దగా నియమించాడు. మెనాహెమ్ జులాయ్, హైమ్ షిర్మన్ లాంటి యువకులు అందులో పనిచేశారు. గ్రంథాలయం చూసుకోవడానికి ఎ. ఎం. హబెర్‌మన్ ఉన్నాడు. కొనలేని ప్రతుల ఫొటోస్టాట్‌లు తెప్పించారు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలతో వచ్చే ఆ నకళ్లను చేతిరాతను బట్టి, కవితా రూపాన్ని బట్టి వర్గాలుగా విడదీశారు.

ఈ పని ఎలా సాగేదో ఒక ఉదాహరణతో చూద్దాం. కైరో పాతనగరంలోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయంలో, వాడకం పోయిన హీబ్రూ కాగితాలను పారేయకుండా పడేసే గది ఒకటుండేది. దాన్ని గెనిజా అంటారు. 1896–97లో సాలమన్ షెక్టర్ అనే పండితుడు అందులోంచి కేంబ్రిడ్జ్‌కు తరలించిన భాగంలోనే లక్షా తొంభై వేలకు పైగా ముక్కలున్నాయి. వాటిలో యన్నాయి అనే ప్రాచీన కవి రచనలు ఉన్నాయి. అంతకుముందు ఆయన పేరు తెలుసుగానీ కవిత్వం దాదాపు పోయిందనుకున్నారు. కేంబ్రిడ్జ్ ముక్కల్లో కొన్ని తోలు పత్రాలు చిత్రమైనవి. అడుగున చెరిపేసిన గ్రీకు బైబిలు అనువాదం, దాని మీద హీబ్రూలో యన్నాయి పద్యాలు. 1919లో ఇజ్రాయెల్ డేవిడ్సన్ వాటిని ప్రచురించాడు. మిగతా పద్యాలను వెతికి ఏరింది షోకెన్ సంస్థలో జులాయ్.

ఏ ముక్క ఎవరిదో ఎలా పోల్చాలి? యన్నాయి తన పద్యపాదాల మొదటి అక్షరాల్లో తన పేరు కూర్చేవాడు. నాలుగు పాదాలు వరసగా చూసి ఆ అక్షరాలు దొరికితే కర్త ఖాయం. పేరున్న భాగం చిరిగిపోతే అంత్యప్రాసల తీరు చూడాలి. ఆ వారం ప్రార్థనాలయంలో చదివే బైబిలు భాగానికి ఆ పద్యం సరిపోతుందా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే ఆయన రాసింది ఆ వారపు పాఠాల వరసకే. ఒక ఊళ్లో ఉన్న సగం ఆకుకు ఇంకో ఊళ్లో ఉన్న సగాన్ని జోడించాలంటే రెండింటి నకళ్లూ ఒకే బల్ల మీద ఉండాలి. ఆ బల్లకు అయ్యే ఖర్చే షోకెన్ భరించింది. ఫలితంగా జులాయ్ సంకలనం 1938లో బెర్లిన్‌లో, అదీ షోకెన్ ప్రచురణగానే అచ్చయింది. ఏ ఏడాది, ఏ ఊరు అన్నది మరోసారి చూడండి. ఆ నవంబరులోనే జర్మనీ అంతటా ప్రార్థనాలయాలు తగలబెట్టారు.

రచయితల విషయంలోనూ ఆయన లెక్క ఇలాంటిదే. హీబ్రూ రచయిత ఎస్. వై. ఆగ్నోన్ జర్మనీలో ఉన్న రోజుల నుంచి ఆయన జీవనానికి షోకెన్ క్రమంగా డబ్బిచ్చాడు. 1924లో హోంబుర్గ్‌లో ఆగ్నోన్ ఇల్లు తగలబడి దాదాపు నాలుగు వేల హీబ్రూ పుస్తకాలు, రాతప్రతులు బూడిదైపోయాయి. ఆ తర్వాత కూడా ఆ సాయం ఆగలేదు. 1931లో షోకెన్ బెర్లిన్‌లో ప్రచురణ సంస్థ పెట్టినప్పుడు ఆగ్నోన్ సంకలిత రచనలు నాలుగు సంపుటాలుగా తెచ్చాడు. ఆగ్నోన్‌కు నోబెల్ వచ్చింది 1966లో. అప్పటికి షోకెన్ లేడు. ఆయన్ను చేతికి ఎముక లేని దాత అని వర్ణించే వ్యాసాలు నాకు నచ్చవు. ఆయన డబ్బిచ్చింది పని జరగడానికి, ఇచ్చాక ఆ పని ఎంతవరకు వచ్చిందో అడిగే మనిషి. పండితులకు అది ఇబ్బందిగా ఉండేదేమో గానీ, సంకలనాలు అచ్చులోకి వచ్చాయంటే అందుకే.

1933 తర్వాత ప్రచురణ సంస్థ చేసిన పని మీరు విడిగా చదవాలి. ఉద్యోగాలు పోయి, బడుల్లోంచి గెంటేయబడిన జర్మన్ యూదుల కోసం చిన్న సైజు, తక్కువ ధర పుస్తకమాల మొదలుపెట్టారు. ఐదేళ్లలో ఎనభైకి పైగా సంపుటాలు వచ్చాయి. ఈ చవక పుస్తకాలకు మూలపాఠాలు చాలావరకు గ్రంథాలయంలోంచే వచ్చాయని నేననుకుంటున్నాను. సేకరణ, పరిశోధన, ప్రచురణ మూడూ ఒకే చూరు కింద ఉంటే జరిగేది అదే.

జర్మన్‌లో రాసిన ప్రాగ్ రచయిత ఫ్రాంజ్ కాఫ్కా సంగతి ఇక్కడ తరచూ తప్పుగా రాస్తారు. 1934లో కాఫ్కా స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌తో ఒప్పందం కుదిరి కాఫ్కా రచనల హక్కులు షోకెన్‌కు వచ్చాయి. సంకలిత రచనల్లో మొదటి నాలుగు సంపుటాల మీద బెర్లిన్, 1935 అని ఉంటుంది. ఆ ఏడే కాఫ్కా నిషేధ జాబితాకెక్కాడు. దాంతో ఐదు, ఆరు సంపుటాలు 1936, 1937లో ప్రాగ్‌లో హైన్‌రిష్ మెర్సీ సంస్థ పేరు మీద వచ్చాయి. పాత పుస్తకాల జాబితాలో ఆరూ ఒకే ఊరి పేరుతో కనబడితే ఆ జాబితా రాసినవాడు ముఖపత్రం చూడలేదనే అర్థం. షోకెన్ అనే పేరుతో మూడు ప్రచురణ సంస్థలున్నాయని కూడా గుర్తుంచుకోండి: బెర్లిన్‌ది 1938 ఆఖరుకు మూతపడింది, టెల్ అవీవ్‌లో ఒకటి హీబ్రూ పుస్తకాలకు, న్యూయార్క్‌లో 1945లో పెట్టినది ఇంగ్లిష్ పాఠకులకు. న్యూయార్క్ సంస్థలో కొంతకాలం రాజకీయ తత్వవేత్త హనా ఆరెంట్ సంపాదకురాలు. మూడింటినీ ఒకటిగా కలిపి రాసిన వ్యాసాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

పుస్తకాలు ఎలా బతికాయంటే, ఆయన ముందే కదిలాడు. 1933–34లోనే కుటుంబంతో జెరూసలేం చేరి, పుస్తకాలు కూడా తెప్పించుకున్నాడు. వాటికోసం బాల్ఫోర్ వీధిలో మెండెల్‌జోన్‌ చేతే గ్రంథాలయం కట్టించాడు. 1936 నాటికి అది నిలబడింది. బయట జెరూసలేం రాయి, లోపల చదువుకునే గది గోడలకు, అల్మారాలకు నిమ్మచెక్క, ఒకవైపు అర్ధచంద్రంలా బయటికి పొడుచుకొచ్చిన కిటికీ. హీబ్రూ విశ్వవిద్యాలయ కార్యవర్గానికి అధ్యక్షుడయ్యాడు, హారెట్జ్ దినపత్రిక కొని కొడుకు గెర్షోమ్ చేతికిచ్చాడు. 1940లో అమెరికా వెళ్లాడు. దుకాణాలను మాత్రం కాపాడుకోలేకపోయాడు. 1938లో వాటిని నాజీ పాలన కింద బలవంతంగా వదులుకోవాల్సి వచ్చింది, సంస్థ పేరు మెర్కుర్‌గా మారింది. యుద్ధం తర్వాత తిరిగి దక్కిన వాటాను 1953లో హెల్ముట్ హోర్టెన్‌కు అమ్మేశాడు. 1959లో స్విట్జర్లాండ్‌లోని పోంట్రెజీనాలో చనిపోయాడు.

ముందే కదలకపోతే ఏమయ్యేదో చూడాలంటే హైన్‌రిష్ క్లెమ్ సేకరణ చూడండి. ఆయనదీ బట్టల వృత్తే, డ్రెస్డెన్‌లో దర్జీ. గుడ్డ కత్తిరింపు మీద పాఠ్యపుస్తకాలు వేసి డబ్బు గడించి, ఆ డబ్బుతో తొలినాటి అచ్చు పుస్తకాలు కొన్నాడు. తోలు మీద అచ్చయిన గూటెన్‌బర్గ్ బైబిలు కూడా ఆయన దగ్గరుండేది. 1886లో సాక్సనీ రాజ్యం ఆ సేకరణ కొని లైప్‌జిగ్ పుస్తక మ్యూజియానికి పునాదిగా వేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్ సైన్యం అందులోని మేలైనవి పట్టుకుపోయింది. ఆ బైబిలు నేటికీ మాస్కోలోని రష్యా ప్రభుత్వ గ్రంథాలయంలో ఉంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. షోకెన్ పుస్తకాలు ఒకచోట లేవు. హీబ్రూ భాగం ప్రధానంగా జెరూసలేంలో షోకెన్ పరిశోధన సంస్థగా నిలిచింది. అమెరికాలోని జ్యూయిష్ థియలాజికల్ సెమినరీ అనే యూదు మత విద్యాసంస్థ దాన్ని తన అనుబంధ సంస్థ చేసుకుంది. రాతప్రతుల్లో షోకెన్ బైబిలు పేరున్నది 1300 ప్రాంతపు దక్షిణ జర్మనీ పని. దాని మొదటి పుటలో ఒక్క మాట చుట్టూ 46 గుండ్రటి బొమ్మలు, ఒక్కో వృత్తంలో బైబిలులోని ఒక్కో ఘట్టం. 1331 నాటి న్యూరెంబర్గ్ ప్రార్థనల గ్రంథం ఇరవై ఆరు కిలోల బరువుంటుంది. అది ఆ నగర గ్రంథాలయంలోంచి యుద్ధం తర్వాత షోకెన్ చేతికి వచ్చింది, తర్వాత వారసుల దగ్గర్నుంచి వేరే సేకర్తలకు వెళ్లింది.

జర్మన్ భాగానిది వేరే దారి. జర్మన్ కవి నోవాలిస్ చేతిరాతలు 1930లో ఆయన వంశీకుల ఇంటి నుంచి బెర్లిన్ వేలానికి వచ్చినప్పుడు ముఖ్యమైనవి షోకెన్ కొన్నాడు. 1960 ప్రాంతంలో అవి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఫ్రైయెస్ డాయిచెస్ హోఖ్‌ష్టిఫ్ట్ అనే సాహిత్య సంస్థకు చేరాయి. కవి హైనె రాతప్రతులను 1966లో పారిస్ జాతీయ గ్రంథాలయం కొంది. వాటిని వర్గీకరించడానికి లూయీ హే నడిపిన చిన్న బృందం, రచయిత కొట్టివేతలు, దిద్దుబాట్ల ఆధారంగా రచన పుట్టిన తీరును చదివే ఒక కొత్త విమర్శ పద్ధతికే దారితీసింది. తొలి ముద్రణలు 1970ల నడుమ హాంబుర్గ్‌లో హౌస్వెడెల్ వేలంలో విడివిడిగా అమ్ముడుపోయాయి. తేడా ఎక్కడుందో చూడండి. ఒక ప్రశ్న చుట్టూ కట్టి, భవనం, మనుషులు, జాబితా ఏర్పాటు చేసిన భాగం సంస్థగా నిలబడింది. ఒక్కో కవి కాగితాలు గుత్తగా ఉన్న భాగం గుత్తగానే మంచిచోటికి చేరింది. ప్రశ్న లేకుండా అందం కోసం చేరిన తొలి ముద్రణలు ఎవరి దోవన అవి పోయాయి.

మీ పత్రికల విషయానికి వస్తాను. మొదట ఒక ప్రశ్న తేల్చుకోండి. "పాత పత్రికలు" అన్నది ప్రశ్న కాదు. ఒక జిల్లా పత్రికలా, ఒక దశాబ్దపు కథలా, స్త్రీల పత్రికలా? ప్రశ్న ఉంటేనే దేన్ని వదిలేయాలో తెలుస్తుంది. రెండోది, పత్రికల కంటే ముందు వాటి జాబితాలు, గ్రంథాలయ సూచికలు, పత్రికల చరిత్రలు సంపాదించండి. ఏ సంపుటిలో ఎన్ని సంచికలు రావాలో తెలియకుండా కొంటే, ఉన్నవే మళ్లీ కొంటారు, లేనివి ఎప్పటికీ తెలియవు. మూడోది, కొనలేనివాటికి నకళ్లు తీయించండి. రంగులో, 400 డీపీఐకి (అంగుళానికి చుక్కలు) తగ్గకుండా, కుదించని ఫైలుగా ఒకటి దాచి, చదువుకోవడానికి చిన్నది వేరుగా పెట్టుకోండి. ఫైలు పేరులోనే పత్రిక, సంపుటి, సంచిక, పుట ఉండాలి. అసలు ఎవరి దగ్గరుందో కూడా రాసి పెట్టాలి.

సంచిక చేతికి రాగానే రాసుకోవాల్సినవి ఇవి: పత్రిక, సంపుటి, సంచిక, తేదీ, ఊరు, ప్రెస్సు, పుటల సంఖ్య, లేని పుటలు, ఎక్కడ్నుంచి వచ్చింది, ఎంతకు. ఎక్కడ్నుంచి వచ్చిందన్నది అందరూ వదిలేస్తారు. పాత యజమాని సంతకం, గ్రంథాలయ ముద్ర, బహుమతి మాట చెరపకండి, వాటి మీద చీటీ అంటించకండి. సొంత సంఖ్య వేయాలంటే మెత్తటి పెన్సిలుతో, లోపలి మూలలో, చిన్నగా రాయండి.

పత్రికలకు ఎక్కువ నష్టం చేసేది బైండింగు. ఏడాది సంచికలు కలిపి కుట్టేటప్పుడు అట్టలు, ప్రకటనల పుటలు, అనుబంధాలు తీసి పారేస్తారు. చాలా పత్రికల్లో తేదీ, ధర, చందా వివరాలు ఉండేది ఆ అట్ట మీదే. తర్వాత మూడువైపులా యంత్రంతో కోస్తే అంచున ఉన్న పుటసంఖ్య, ఒక్కోసారి చివరి పంక్తి కూడా పోతాయి. విడిగా ఉన్నవాటిని కుట్టించకుండా ఆమ్లం లేని అట్టపెట్టెల్లో పడుకోబెట్టి ఉంచండి, ఒక్కో దొంతి పది సెంటీమీటర్లు దాటనివ్వకండి. న్యూస్‌ప్రింటు చెక్కగుజ్జు కాగితం, దానిలోని లిగ్నిన్ వెలుతురుకు పసుపెక్కి పెళుసవుతుంది. చిరిగినచోట సెల్లోటేపు వేస్తే కొన్నేళ్లకు టేపు ఊడి, బంక మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. దానికి బదులు పల్చటి జపాన్ కాగితం, గోధుమపిండి జిగురు వాడండి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూడండి. 65 దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు పడుతుంది. కోస్తాలో వానాకాలం ఇది తప్పదు కాబట్టి తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు ఒకటి కొని బీరువాలో పెట్టి, పెట్టెలను బయటి గోడకు ఆనించకుండా జానెడు దూరంలో ఉంచండి.

ఇవన్నీ చేశాక, మీ తర్వాత ఎవరికి చేరాలో బతికి ఉండగానే కాగితం మీద పెట్టండి. ఇచ్చే సంస్థకు పుస్తకాలతో పాటు జాబితా కూడా ఇవ్వండి. జాబితా లేని విరాళం ఏళ్ల తరబడి గోదాములో గోనెసంచుల్లో ఉండిపోతుంది, సంచిలో ఏముందో తెలియనప్పుడు దాన్ని ఎవరూ అడగరు.

షోకెన్ గురించి కళ్లారా చూడాలనుకుంటే కెమ్‌నిట్జ్ వెళ్లండి. ఆయన కొట్టు భవనంలో 2014 నుంచి సాక్సనీ పురావస్తు మ్యూజియం నడుస్తోంది. స్మాక్ అని పొట్టిపేరు. ఆ అద్దాల పట్టీల వెనక, పురావస్తువులతో పాటు, షోకెన్ సంస్థ మీద, సాల్మన్ మీద, మెండెల్‌జోన్ మీద శాశ్వత ప్రదర్శన ఉంది.